చింత, సరుగుడు, తుమ్మ మొద్దులు చీల్చడానికి స్ప్లిటింగ్ గొడ్డలా, 8 పౌన్ల మాలా?

గాడిపొయ్యి (ఆనందపురం)

అందరికీ నమస్కారం. ఆనందపురం దగ్గర మాకో చిన్న క్యాటరింగ్ వంటశాల ఉంది. పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ వంట మొత్తం గాడిపొయ్యి మీద, కట్టెలతోనే. ఇన్నాళ్లూ మాకు కర్రలు కొట్టిన పెద్దాయనకి వయసు మీద పడింది, ఇక రాలేనన్నారు. ఆ పని ఇప్పుడు మా ఇద్దరు కుర్రాళ్ల మీద, తీరిక ఉన్నప్పుడు నా మీద పడింది. ఒకడు దిట్టంగా ఉంటాడు, రెండోవాడు బక్కపలచని మనిషి.

మాకు దొరికేది ఎక్కువగా సరుగుడు. కాగితం మిల్లులకీ, పందిరి రాటలకీ పోగా మిగిలే మొదలు ముక్కలు, జానెడు లావు వరకూ ఉంటాయి. అప్పుడప్పుడు నల్లతుమ్మ వస్తుంది. ఇవికాక మా పెరట్లో పాత చింతచెట్టు గాలికి ఒరిగిపోతే రంపంతో కోయించి పెట్టాం. ఒక్కో మొద్దు అడుగున్నర ఎత్తు, లావైనవి రెండడుగుల అడ్డం.

ఇంట్లో ఉన్నది కొమ్మలు నరికే మామూలు గొడ్డలి. వేస్తే దిగుతుంది, దిగి అక్కడే కూర్చుంటుంది. దాన్ని ఊడబీక్కోవడానికే సగం ప్రాణం పోతోంది. చీల్చడానికని ప్రత్యేకంగా చేసిన స్ప్లిటింగ్ గొడ్డలి కొనాలా, లేక ఒకవైపు గొడ్డలి, వెనకవైపు సమ్మెటలా బండగా ఉండే మాల్ కొనాలా? తేడా బరువేనా, ఇంకేమైనా ఉందా? వాడినవాళ్లు చెప్పండి.


సీతమ్మధార–మిచిగన్

పుట్టి పెరిగింది సీతమ్మధారలో, ఉంటున్నది మిచిగన్‌లో. ఇక్కడ చలికాలమంతా ఇంటికి వేడి కట్టెల పొయ్యి నుంచే. ఓక్, ఆష్ కర్రలు ఏటా నేనే చీల్చుకుంటాను.

నా ఓటు 8 పౌన్ల మాల్‌కి. తల దాదాపు 3.6 కిలోలు, కామ 36 అంగుళాలు. ఎత్తడం వరకే మన పని, దిగేటప్పుడు దాని బరువే చూసుకుంటుంది. తల రెండు పక్కలూ, అంటే చెంపలు, అంత వెడల్పు కాబట్టి ఇరుక్కోవడం తక్కువ. పైగా వెనక భాగంతో ఇనుప గసికలు (బీటలో పెట్టి కొట్టే, ఒక కొస సన్నగా ఉండే ముక్కలు) దిగ్గొట్టొచ్చు. గొడ్డలి వెనకతో ఆ పని చేస్తే కామ దూరే కన్ను సాగిపోయి తల వదులవుతుంది. మీరు చింత అంటున్నారు కాబట్టి గసికలు ఎలాగూ తప్పవు.


గాజువాక ఇంజినీర్

తేడా బరువొక్కటే కాదండీ. బరువు, వేగం, చెంపల వాలు, ఈ మూడూ కలిస్తేనే దెబ్బ.

లెక్క చూడండి. బరువు రెట్టింపైతే దెబ్బలో శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. 2 కిలోల గొడ్డలి సెకనుకి 12 మీటర్ల వేగంతో దిగిందనుకోండి, 144 జౌళ్లు. 3.6 కిలోల మాల్ 9 మీటర్ల వేగంతో దిగితే 146. దాదాపు సమానం. కానీ చేతులు అలిసి ఆ మాల్ వేగం 7 మీటర్లకి పడిపోతే మిగిలేది 88 జౌళ్లే.

"దాని బరువే చూసుకుంటుంది" అన్న మాట సగమే నిజం. తల మీటరున్నర కిందికి దిగితే బరువు వల్ల వచ్చేది మాల్‌కి 53 జౌళ్లు, 2 కిలోల గొడ్డలికి 29. మిగతాదంతా భుజాలూ నడుమూ ఇవ్వాల్సిందే. ఆ 53 కూడా పైకెత్తేటప్పుడు మనం ఖర్చు పెట్టిందే. క్యాటరింగ్ పని అంటే ఒక్క పూటలో వందల దెబ్బలు వేయాలి. మొదటి పది దెబ్బలు చూసి పనిముట్టు కొనకండి. ఆఖరి పది దెబ్బలు ఎలా పడతాయో చూసి కొనండి.


సీతమ్మధార–మిచిగన్

లెక్క ఒప్పుకుంటాను. కానీ గట్టి కర్రలో వేగం ఒక్కటే సరిపోదు. తేలిక గొడ్డలి తల ఆగిపోయే చోట బరువు తల ఇంకో రెండంగుళాలు తోసుకుపోతుంది. రెండడుగుల ఓక్ మొద్దు మీద రెండూ వాడి చెబుతున్నాను.


అడితి మాస్టారు (పెందుర్తి)

బాబూ, మాది కట్టెల అడితి, మా నాన్నగారి కాలం నుంచి ఉంది. మీరంతా ఇనుము గురించి మాట్లాడుతున్నారు. ముందు కర్ర గురించి మాట్లాడాలి.

సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడు ఒక రకం, ఎండాక ఇంకో రకం. కోసిన కొత్తలో ఒక్క దెబ్బకి టప్పున విడిపోతుంది. మొద్దుగానే వదిలేసి వేసవి దాటిస్తే గొడ్డలి ఎగిరిపడుతుంది. తుమ్మ కూడా అంతే. చింతకైతే ఇది మరీ ముఖ్యం. చాలామంది "ఎండాక కొడదాంలే" అనుకుంటారు, అక్కడే పని రెట్టింపవుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి, చీల్చిన పేళ్లని ఎండబెట్టుకోవాలి. ఆరడం కూడా అలాగే తొందరగా అవుతుంది, బెరడు లోపలి తడిని బయటికి పోనివ్వదు కదా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరు ఊరంతా పడిపోయిన చెట్లే. ఎక్కడ చూసినా నిద్రగన్నేరు, తురాయి, వేప, చింత. వెంటనే చీల్చి పేర్చుకున్నవాళ్లకి అవి మరుసటి ఏడాది దాకా కట్టెలయ్యాయి. మొద్దులుగా రోడ్డు పక్కన వదిలేసినవాటిలో మెత్తనివి బూజు పట్టి పుచ్చిపోయాయి, గట్టివి బిగుసుకుపోయి ఎవరి గొడ్డలికీ లొంగలేదు. ఆ చింత మొద్దులు కొన్ని మా అడితికి వచ్చాయి. ఎంత మంచి కూలీ అయినా ఒకటి చీల్చి రెండోది వద్దనేవాడు.

మీ చింత ఎప్పుడు పడింది? అది చెబితే ఏం కొనాలో చెబుతాను.


గాడిపొయ్యి (ఆనందపురం)

మాస్టారూ, చెట్టు పడి రెండు నెలలు దాటింది. కోయించింది మాత్రం ఈమధ్యే. మొద్దుల చివర్ల మీద సన్నటి బీటలు కనిపిస్తున్నాయి. సరుగుడు అయితే వచ్చేసరికే సగం ఎండి ఉంటుంది.


అడితి మాస్టారు (పెందుర్తి)

రెండు నెలలంటే లోపల ఇంకా పచ్చే. ఈ నెలలోనే పని కానివ్వండి.

చింత గురించి ఒక మాట. పైనున్న పసుపుపచ్చ భాగం చీలుతుంది. లోపల ఊదా నలుపులో ఉండేది చేవ. ఆ చేవ దగ్గర నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది, పైగా కొమ్మ చీలిన చోటల్లా మెలి తిరుగుతుంది. దాని మధ్యలో మాల్ వేసినా గొడ్డలి వేసినా ఒకటే. అంచుల నుంచి రావాలి. బెరడుకి నాలుగైదు వేళ్ల లోపల వేస్తూ చుట్టూ పలకలు పలకలుగా లేపేయాలి. పైనుంచి ఊడగొడుతూ వెళ్తే చివరికి జానెడు చేవ మిగులుతుంది. దానికి గసిక పెట్టుకోవచ్చు, లేదంటే అలాగే పొయ్యిలో పెట్టొచ్చు. రాత్రంతా నిప్పు నిలుస్తుంది.

సరుగుడికి అంత తంటా లేదు. కోసిన ముఖం మీద కాసిన్ని నీళ్లు చల్లి చూడండి, నడుమ నుంచి బెరడు దాకా బండి చక్రం ఆకుల్లా గీతలు తేలతాయి. బీట ఉంటే ఆ గీత వెంటే ఉంటుంది. దెబ్బ ఆ గీత మీద పడాలి. గీతకి అడ్డంగా వేస్తే ఎంత పెద్ద మాలైనా అనవసరం.

నీలగిరి వస్తే జాగ్రత్త. నరికిన వెంటనే చివర్లు వాటంతటవే పగులుతాయి, లోపల బిగువు అంత. అది చూసి తేలిక అనుకుంటారు. మధ్యలో నార మెలి తిరిగి పట్టుకుంటుంది. దాన్నీ పచ్చిగానే కొట్టాలి.


అరకు కాఫీతోట

నాది అరకు దగ్గర చిన్న తోట, వచ్చినవాళ్లు ఉండటానికి రెండు గదులు. పొద్దున్నే అతిథులకి వేడినీళ్లు కట్టెల బాయిలర్ మీదే. కట్టెలు చాలావరకు నేనే కొట్టుకుంటాను. నా బరువు యాభై కిలోలు. అందుకే మీ బక్కపలచని కుర్రాడి తరఫున మాట్లాడుతున్నాను.

నా దగ్గర రెండూ ఉన్నాయి. 8 పౌన్ల మాల్ గోడకి ఆనించి ఉంది. నేను రోజూ చేతబట్టేది 2 కిలోల లోపు తల ఉన్న స్ప్లిటింగ్ గొడ్డలి. కారణం బరువు ఒక్కటే కాదు, గురి. మాల్ ఎత్తితే అది ఎక్కడ పడాలో నేను కాక అదే నిర్ణయిస్తుంది. గొడ్డలైతే కిందటి దెబ్బ గీతలోనే రెండో దెబ్బ వేయగలను. ఒకే గీతలో పడ్డ మూడు చిన్న దెబ్బలు మూడు చోట్ల పడ్డ పెద్ద దెబ్బల కంటే బాగా పని చేస్తాయి.

కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కర్ర మా దగ్గర ఎక్కువ. అది తేలికగా చీలుతుంది, దాన్ని చూపించి మీకు లెక్క చెప్పను. కానీ పనస, మామిడి, అడవి కర్ర కూడా ఈ గొడ్డలితోనే కొడుతున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక ఉపాయం. పాత కారు టైరు ఒకటి తెచ్చి కొట్టే మొద్దు మీద మేకులతో బిగించండి. చీల్చాల్సిన ముక్కల్ని దాని లోపల నిలబెట్టండి. పేళ్లు ఎగిరిపడవు, ప్రతి దెబ్బకీ వంగి ఏరుకోనక్కర్లేదు, చుట్టూ తిరుగుతూ కొట్టుకోవచ్చు. నడుముకి ఎంత సుఖమో వాడితే తెలుస్తుంది.


గాజువాక ఇంజినీర్

మేడమ్ గురి గురించి చెప్పింది అందరూ ఒకసారి ఆగి చదవాలి. ఒకే గీతలో పడే రెండో దెబ్బ కొత్తగా బీట తెరవనక్కర్లేదు, ఉన్న బీటని పొడిగిస్తే చాలు. దానికి పట్టే శక్తి చాలా తక్కువ.


కొలిమి వారసుడు (చోడవరం)

మాది కమ్మరి కుటుంబం. నాన్న ఇప్పటికీ కొలిమి నడుపుతున్నారు, నేను ఆయన పక్కన నిలబడి పని నేర్చుకుంటున్నాను. ఇనుము సంగతి నేను చెబుతాను.

మామూలు గొడ్డలి తల పలచగా, చెంపలు చదునుగా ఉంటాయి. నారని అడ్డంగా తెంచుకుంటూ పోవడానికి అలా చేస్తారు. నిలువుగా వేస్తే ఆ చదును చెంపల్ని కర్ర రెండువైపులా పట్టేస్తుంది. మీ గొడ్డలి ఇరుక్కోవడానికి కారణం అదే, మీ బలం తక్కువై కాదు. స్ప్లిటింగ్ గొడ్డలిలో వాదర దగ్గర సన్నగా మొదలై అంగుళం దాటేసరికి చెంపలు ఉబ్బుతాయి. సన్నటి వాదర లోపలికి దిగుతుంది, ఉబ్బు రెండువైపులకీ తోస్తుంది. మాల్‌కి మొదటి నుంచే మందం. దానికి పదును అంతగా ఉండదు, కొట్టి విరగదీయడం దాని పద్ధతి. నార అల్లుకున్న కర్రలో, ఎండిన సరుగుడులో మొద్దు వాదర పైనే తన్నుకుని ఎగరడం మీరు చూసే ఉంటారు.

అందుకని నా మాట ఇది. రోజూ కొట్టడానికి చెంపలు ఉబ్బిన గొడ్డలి ఒకటి తీసుకోండి. తల 2 కిలోలకి కాస్త అటూ ఇటూగా చాలు. చింత కోసం మాల్ కొనేకంటే ఒక సమ్మెట, మూడు గసికలు మేలు. గసికలు ఎక్కడైనా చేయించుకోవచ్చు. లారీ కమాను పట్టీ వద్దు, అది గొడ్డలికీ కత్తికీ బాగుంటుంది కానీ గసికకి మందం చాలదు. పాత యాక్సిల్ ముక్క అడగండి, గాజువాక ఆటోనగర్ పాత సామాన్లలో వెతికితే దొరుకుతుంది.

గసిక చేయించేటప్పుడు ఒక్కటి గట్టిగా చెప్పండి, పదును, అంటే కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడం, కింది వాదరకే పెట్టాలి. సమ్మెట పడే తల భాగాన్ని నీళ్లలో ముంచకూడదు. తల కూడా గట్టిపడితే గట్టి ఇనుము గట్టి ఇనుముని కొట్టినట్టవుతుంది, పెచ్చు లేచి తూటాలా వస్తుంది. మెత్తటి తల అయితే నెమ్మదిగా పుట్టగొడుగులా అణిగి అంచులు వేలాడతాయి. ఆ అంచులు కనిపించిన రోజే అరగదీసి తీసేయాలి. కళ్లద్దాలు లేకుండా గసిక మీద దెబ్బ వేయొద్దు.


సీతమ్మధార–మిచిగన్

కొలిమి తమ్ముడు చెప్పిన పెచ్చుల సంగతి అక్షరాలా నిజం. ఇక్కడ కొత్త గసిక కొన్నా, మాల్ కొన్నా దాని మీదే కళ్లద్దాలు పెట్టుకోమని రాసి ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. మాకు జనవరిలో మొద్దులు గడ్డకట్టుకుపోతాయి. గడ్డకట్టిన పచ్చి ఓక్ పెళుసుగా ఒక్క దెబ్బకి రెండుగా పడుతుంది. మాల్ మీద నా నమ్మకంలో ఆ చలి వాటా కూడా ఉంది. ఇక్కడ ఎల్మ్ అని ఒక చెట్టు ఉంది, నార అల్లిక దాదాపు మీ చింతలాంటిదే. దాని మీద నేను కూడా గసికలే వాడతాను. అయినా మీ దిట్టమైన కుర్రాడికి 6 పౌన్ల మాల్ ఒకటి ఉంటే మంచిదే అంటాను. సమ్మెట పనీ అదే చేసిపెడుతుంది, రెండు సామాన్లు కొనక్కర్లేదు.


కొత్తవలస కుర్రాడు

ఇంత కష్టం ఎందుకు, హైడ్రాలిక్ మెషిన్ పెట్టుకుంటే పోదా?


అడితి మాస్టారు (పెందుర్తి)

పోతుంది బాబూ, రోజూ టన్నుల లెక్కన చీల్చేవాళ్లకి. వీళ్లకి పెళ్లిళ్ల సీజన్‌లోనే పని. జానెడు సరుగుడుకి మెషిన్ కిందికీ పైకీ వెళ్లొచ్చే లోపల మనిషి రెండు ముక్కలు కొట్టేస్తాడు. చింతకి మాత్రం మెషిన్ మంచిదే. నార చీలకపోయినా చింపేస్తుంది.


ఫిజియో (ఎంవీపీ కాలనీ)

నా దగ్గరికి భుజం, మోచెయ్యి నొప్పులతో వచ్చేవాళ్లలో ఇలాంటి పనులు చేసేవాళ్లు ఉంటారు. రెండు మాటలు రాస్తాను.

కామ పొడవు మీద ఎవరూ మాట్లాడలేదు. పొట్టి కామ తేలికగా అనిపిస్తుంది, ప్రమాదం మాత్రం అందులోనే. దెబ్బ తప్పితే పొడుగు కామ గొడ్డలి నేలకి తగులుతుంది. పొట్టి కామ గొడ్డలి అదే ఊపులో వెనక్కి తిరిగి మోకాలి కింద ఎముకకి వస్తుంది. మామూలు ఎత్తు మనిషికి 32 నుంచి 36 అంగుళాలు సరిపోతుంది. దెబ్బ పడే క్షణంలో నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. అప్పుడు తల గుండ్రంగా మీ వైపు తిరగదు, నిలువుగా కిందికి దిగుతుంది. నడుముకీ కాలికీ రెండిటికీ మేలు. కొట్టే మొద్దు మోకాలి ఎత్తుకి మించకూడదు.

ఎత్తేటప్పుడు పై చెయ్యి తల దగ్గర పట్టుకుని, దించేటప్పుడు కిందికి జార్చండి. తల బరువంతా మణికట్టు మీద పడదు. కామని చివరిదాకా గట్టిగా పిసకొద్దు, తగిలే ముందు పట్టు కాస్త సడలితే అదురు మోచేతికి ఎక్కదు. తేలిక గొడ్డలైతే వాదర తగలగానే మణికట్టు కొద్దిగా తిప్పండి, చెంప కర్రని విడదీస్తుంది. 8 పౌన్ల మాల్‌తో ఆ తిప్పడం చేయొద్దు, మణికట్టు పోతుంది.

రబ్బరు చెప్పులతో ఈ పని చేసేవాళ్లని చూస్తే నాకు భయం వేస్తుంది. దయచేసి కుర్రాళ్లకి ముందుభాగంలో ఇనుప కప్పు ఉన్న బూట్లు కొనిపెట్టండి. మన విశాఖలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధ పెడుతుంది. చెమట ఆరదు, చెయ్యి జారుతుంది, ఒళ్లు చల్లబడదు. ఎనిమిదింటి లోపల పని ముగించండి, మధ్యమధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ తాగించండి. ఈ గాలిలో బరువైన మాల్ ఎంతసేపు ఎత్తగలరో ఇంజినీర్ గారి లెక్కలో కలుపుకోండి.


సీతమ్మధార–మిచిగన్

ఉక్కపోత గురించి నేనేం మాట్లాడను, ఒప్పుకున్నాను.


గాడిపొయ్యి (ఆనందపురం)

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు రాసినవి కుర్రాళ్లకి చదివి వినిపించాను. తగరపువలసలో తెలిసినవాళ్ల దగ్గర 6 పౌన్ల మాల్, భీమిలి వైపు ఒక తోటలో 2 కిలోల స్ప్లిటింగ్ గొడ్డలి రెండు రోజులకి అడిగి తెచ్చాం. కొలిమి తమ్ముడు చెప్పినట్టు గసికలు మూడు చేయించాం, పాత సమ్మెట ఇంట్లోనే ఉంది.

సరుగుడు సంగతి తేలిపోయింది. జానెడు లావు ముక్కలు స్ప్లిటింగ్ గొడ్డలికి చక్కగా విడిపోతున్నాయి, మా బక్క కుర్రాడే ఎక్కువ కొట్టాడు. గీత చూసుకుని వేయడం వాడికి ఒక్క పూటలో పట్టుబడింది. రెండోవాడు మాల్‌తో మొదలుపెట్టి చాలాసేపు బాగానే కొట్టాడు, తర్వాత దెబ్బలు పక్కకి పడటం మొదలైంది. ఎండిన ముక్కల మీద మాల్ ఎగరడం కళ్లారా చూశాం.

చింత మాత్రం వేరే కథ. అంచుల నుంచి పలకలు లేపడం గొడ్డలితో బాగానే నడిచింది, ఒక్కో పలక రెండు మూడు దెబ్బలకి వచ్చేసింది. చేవ దగ్గరికి వచ్చేసరికి గొడ్డలి ఆగిపోయింది. మాల్ కూడా ఆగిపోయింది. అప్పుడు చివరన ఉన్న బీటలో మొదటి గసిక నిలబెట్టి సమ్మెటతో తట్టాం. మొదట్లో మొద్దుగా వస్తున్న శబ్దం గసిక బిగుసుకునే కొద్దీ గంట మోగినట్టు సన్నబడింది. ఇక దిగదేమో అనుకున్నాం. ఒక నిమిషం ఊరుకుంటే కర్ర లోపల చిటచిటమని వినిపించింది, బీట పక్కకి బెత్తెడు పాకింది. ఆ కొసన రెండో గసిక పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే మొదటిది వదులై చేతికి వచ్చేసింది. దాన్ని తీసి ఇంకా ముందుకి పెట్టాం. అలా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ వెళ్తే ఆఖరికి మొద్దు రెండుగా తెరుచుకుంది. లోపల నార తెల్లటి పీచులా అటూ ఇటూ పట్టుకుని ఉంటే మామూలు గొడ్డలితో కోసి విడదీశాం. పాత గొడ్డలి అక్కడ భలే పనికొచ్చింది.

ఇంకో ప్రశ్న. గొడ్డలి కొందామనుకుంటున్నాను. ఫైబర్ కామ మంచిదా, కర్ర కామ మంచిదా?


కొలిమి వారసుడు (చోడవరం)

గసిక కొట్టి కాసేపు ఊరుకోవడం చాలా మంచి పని. నాన్న కూడా అలాగే చెబుతారు, కర్రకి తెరుచుకోవడానికి టైమ్ ఇవ్వాలి.

కామ విషయం. ఫైబర్ కుంచించుకోదు, తల ఊడదు. కొత్తవాళ్ల చేతికి అదే నయం. కాకపోతే గురి తప్పి కామ మొద్దు అంచుకి తగిలితే పీచు లేస్తుంది, దాన్ని మార్చడం కష్టం. కర్ర కామ అయితే విరిగినా ఇంకోటి చేసుకోవచ్చు. తుమ్మ బాగుంటుంది. కణుపులు లేని ముక్క చూసి, నార కామ పొడవునా తిన్నగా వచ్చేలా చీల్చి చెక్కించుకోండి. రంపంతో కోసిన ముక్కలో నార మధ్యలోనే పక్కకి వెళ్లిపోతుంది, అక్కడే విరుగుతుంది. తల కింద జానెడు మేర పాత సైకిల్ ట్యూబు గట్టిగా చుట్టండి, తప్పిన దెబ్బలకి కవచం.

తల వదులైతే నీళ్లలో నానబెట్టే అలవాటు మానుకోండి. నానితే ఉబ్బి బిగుస్తుంది, ఎండితే ముందుకంటే ఎక్కువ కుంచించుకుంటుంది. కన్నులో కామ కొసన కొత్త చీలిక (సన్నటి చెక్కముక్క) కొట్టడమే మందు. కామకి అవిసె నూనె పట్టించండి, ఇనుముకి ఏ నూనైనా సరే పలచగా రాయండి. సముద్రపు గాలికి ఆనందపురం దాకా తుప్పు వస్తుంది.

పదును ఆకురాయితోనే పెట్టుకోండి. గ్రైండర్ మీద పెడితే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే.


అరకు కాఫీతోట

తమ్ముడూ, మీ చిన్నవాడు ఎక్కువ కొట్టాడంటే సంతోషంగా ఉంది. పేర్చేటప్పుడు పేళ్ల చివర్లు గాలి వచ్చే వైపు ఉండేలా, నేల నుంచి రెండు ఇటుకల ఎత్తు లేపి పేర్చండి. పైన మాత్రమే రేకు వేయండి, పక్కలు మూయొద్దు. జూన్ లోపల ఆరిపోవాలి, వానలు మొదలైతే మన దగ్గర ఏదీ ఆరదు.


గాడిపొయ్యి (ఆనందపురం)

అలాగే అక్కా. పెరటి గోడ వారగా పేరుస్తున్నాం.

మాస్టారూ, ఒక మొద్దు మిగిలిపోయింది. చెట్టు మొదట్లో కొమ్మలు విడిపోయే చోటిది, రెండడుగుల పైనే అడ్డం ఉంది. మూడు గసికలూ దిగ్గొట్టినా నోరు తెరవలేదు, గసికలు వెనక్కి తీసుకోవడమే కష్టమైంది. దాన్ని ఏం చేయమంటారు?


అడితి మాస్టారు (పెందుర్తి)

దాని మీద ఇంకొక్క దెబ్బ కూడా వేయకండి. చీలని చింత మొద్దుకి కట్టెల కంటే మంచి గిరాకీ ఉంది. మాంసం కొట్లవాళ్లు కత్తి కింద పెట్టుకోవడానికి ఇదే వెతుక్కుంటారు, నార అల్లుకుని ఉంటుంది కాబట్టి కత్తి దెబ్బకి పెచ్చులు లేవవు. గసికలు దిగిన వైపు నాలుగు వేళ్ల మందం రంపంతో కోయించేయండి. బీట ఇంకా లోపలికి కనిపిస్తే ఇంకాస్త కోయించండి. పాత చెట్టు కదా, కోసే ముందు ఎక్కడైనా మేకులు, తీగలు దిగి ఉన్నాయేమో చూసుకోండి. కోసిన వెంటనే రెండు ముఖాలకీ మైనం కరిగించి పట్టించండి, లేదంటే పగులుతుంది. తర్వాత నీడలో పెట్టండి, ఎండ తగలనివ్వొద్దు. వేపగుంట, గోపాలపట్నం వైపు కొట్లవాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. అడ్డం ఎంత, ఎత్తు ఎంత, మధ్యలో తొర్ర ఉందా లేదా, ఇవి కొలిచి ఇక్కడే రాయండి.